ఒకే పేరు, వేర్వేరు రంగాలు: మన రెండు జిల్లాల నుంచి మొదలుపెడదాం

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం):
శ్రీకాకుళంలో రామమూర్తి అంటే ఇద్దరు గుర్తుకు రావాలి. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. కోడి రామమూర్తి నాయుడు గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. గిడుగు వారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైను వాడకంతో చెవుడు వచ్చింది. అయినా వదలలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. నాయుడు గారు ఇనుప గొలుసులు తెంచారు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారు, కలియుగ భీముడనిపించుకున్నారు. సర్కస్‌కు ముందు ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అంటే ఇద్దరూ మాస్టార్లే. ఒకరు 1940లో, ఒకరు 1942లో కన్నుమూశారు.

మా బడి పిల్లలకు కోడి రామమూర్తి స్టేడియం తెలుసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అనీ తెలుసు. కానీ ఆ రెండూ ఒకే మనిషి పేరు మీద ఉన్నాయని చాలామంది నమ్ముతున్నారు (భాషా దినోత్సవం గిడుగు వారి పుట్టినరోజు). అందుకే తరగతి గోడకు ఒక పట్టిక చేద్దామనుకుంటున్నాను. పేరు ఒకటే ఉండాలి, రంగాలు వేరుగా ఉండాలి. ఆ పేరువాళ్ళలో ఒక్కరైనా మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టినవారో, చదివినవారో, పనిచేసినవారో అయివుండాలి. సినిమా వాళ్ళతోనే నింపకుండా సాయం చేయండి.

కోట బురుజు (విజయనగరం):
మాస్టారూ, మా ఊరి నుంచి సోమయాజులు పేరు రాసుకోండి.

మొదటివారు చాగంటి సోమయాజులు, అంటే చాసో. 1915లో శ్రీకాకుళంలో పుట్టి, దత్తత వచ్చి విజయనగరం మనిషయ్యారు. కథలు తక్కువే రాశారు. రాసినవాటిలో ఒక్క వాక్యం తీసేయడానికి వీలుండదు. రెండోవారు జొన్నలగడ్డ వెంకట సోమయాజులు. 1928లో మీ జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా దేశమంతా చూసింది ఆయననే. అంతకు చాలా ముందే రంగస్థలం మీద 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు ఆయనే. తమ్ముడు జె.వి. రమణమూర్తి గిరీశం. ఆ నాటకాన్ని ఊరూరా తిప్పిన అన్నదమ్ములు వాళ్ళు.

సినిమా వద్దన్నారు కాబట్టి, జె.వి. సోమయాజులు గారి గడిలో నాటకం అని ముందు రాసి, సినిమా అని తరువాత రాయండి. అదే సరైన వరస కూడా.

పార్వతీపురం పాసింజరు:
సత్యం పేరును మించింది నాకు కనిపించలేదు. నలుగురు సత్యాలు, నాలుగు రంగాలు.

చెళ్ళపిళ్ళ సత్యం సంగీత దర్శకుడు. మా పార్వతీపురం వైపు మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ వందల సినిమాలకు బాణీలు కట్టారు. వెంపటాపు సత్యం కొండల్లో గిరిజన పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, తరువాత శ్రీకాకుళ గిరిజనోద్యమ నాయకుడు. 1970లో పోలీసు కాల్పుల్లో మరణించారు. వెంపటి చినసత్యం కూచిపూడి నాట్యాచార్యుడు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. 2012లో పోయారు. శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' రాసినవారు, ఆకాశవాణిలో పనిచేశారు.

మొదటి ఇద్దరూ మా కొండల వైపువారే. కాబట్టి మాస్టారి నియమానికి ఢోకా లేదు.

కళింగ గ్రంథాలు (విశ్రాంత లైబ్రేరియన్, శ్రీకాకుళం):
పార్వతీపురం బాబు మంచి వరస పట్టాడు. కానీ రెండో పేరునూ మూడో పేరునూ పక్కపక్కన చూడండి. వెంపటాపు సత్యం, వెంపటి చినసత్యం. ఇంటిపేర్లలో కూడా మొదటి రెండక్షరాలు ఒకటే. పొడి అక్షరాలు రాస్తే ఇద్దరూ 'వి. సత్యం' అయిపోతారు. ఒకరి జీవితం అడవిలో ముగిసింది, ఇంకొకరి జీవితం నట్టువాంగంతో గడిచింది. వాళ్ళిద్దరినీ ఒక్క చుక్క పక్కన ఇరికించడం తప్పు. పట్టికలో ఇంటిపేరు పూర్తిగా రాయించండి మాస్టారూ. గ్రంథాలయంలో ఉన్నంతకాలం నేను పోరాడింది దీని కోసమే. పుస్తకం అట్ట మీద పొడి అక్షరమే ఉంటే, లోపలి పేజీలు వెతికి అయినా ఇంటిపేరు పట్టుకుని కార్డు మీద ఎక్కించేదాన్ని.

మన వైపు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఎందుకంటే పేర్లు మనం కొత్తగా కనిపెట్టం, దేవుడి దగ్గరా తాత దగ్గరా తీసుకుంటాం. అరసవల్లి ఉంది కాబట్టి ఇంటికో సూర్యనారాయణ. శ్రీకూర్మం వల్ల కూర్మారావులు, కూర్మయ్యలు. ముఖలింగం అనే పేరు మన జిల్లా దాటితే అరుదు. సింహాచలం అప్పన్న చలవతో అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, సింహాచలం. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకున్నవారు లేని వీధి ఉండదు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంట్లో కూడా పేరు తిరిగి వస్తూనే ఉంటుంది.

వంశధార (నరసన్నపేట):
అమ్మా, మీరు చెప్పినదానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. కారా మాస్టారు. కాళీపట్నం రామారావు గారు. 1924లో మురపాకలో పుట్టారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచడానికి చివరి దాకా శ్రమించారు. 2021లో శ్రీకాకుళంలోనే కన్నుమూశారు.

అదే కాలపు మనిషి నందమూరి తారక రామారావు గారు. 1923లో నిమ్మకూరులో పుట్టారు, వయసులో ఏడాదిన్నర తేడా. వ్యవహారంలో ఇద్దరూ రామారావులే. ఒకరు రామారావు అంటే చాలు, రాష్ట్రమంతా తెలిసిన నటుడు, ముఖ్యమంత్రి. ఇంకొకరికి రెండు అక్షరాలే మిగిలాయి, 'కారా' అని. ఆ రెండు అక్షరాలు ఇంటిపేరులోంచి ఒకటి, పేరులోంచి ఒకటి. ఆ పొడి పేరు మాత్రం ఎవరితోనూ కలిసిపోదు. చాసో కూడా అలాంటిదే. పొడి అక్షరాలన్నిటినీ తోసిపుచ్చడం కుదరదు అమ్మా.

ఇంకొక మాట. పట్టికలో మన వైపు వారిని చూస్తుంటే గిడుగు వారు, కోడి వారు, వెంపటాపు సత్యం, కారా, అందరూ బడిపంతుళ్ళే. మాస్టారి గోడకు ఇంతకన్నా ఏం కావాలి!

కోట బురుజు:
వంశధార గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక ప్రతిపాదన. ఇంటిపేరు ఒక్కటి రాస్తే సరిపోతుంది కదా? గురజాడ అంటే అప్పారావు గారే. ద్వారం అంటే వయొలిన్ విద్వాంసుడు వెంకటస్వామి నాయుడు గారే. మా సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాలను ఘంటసాల అనే అంటాం, వెంకటేశ్వరరావు అంటే ఎవరో అని చూస్తారు. ఆదిభట్ల అంటే నారాయణదాసు గారే. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయన.

కళింగ గ్రంథాలు:
బాబూ, మీరు చెప్పిన నాలుగు ఇంటిపేర్లలో మూడింటికి ఇప్పుడే ఇంకొకరిని చూపిస్తాను.

'కవి జీవితములు' రాసిన గురజాడ శ్రీరామమూర్తి గారు ఉన్నారు. తెలుగు కవుల చరిత్ర వెతికే ప్రతి విద్యార్థికీ ఆ పుస్తకం తగులుతుంది. ఘంటసాల బలరామయ్య గారు సినిమా దర్శకుడు, నిర్మాత. అక్కినేని నాగేశ్వరరావు గారికి కథానాయకుడిగా మొదటి అవకాశం ఇచ్చింది ఆయనే. ఆదిభట్ల కైలాసం గారు వెంపటాపు సత్యంతో పాటు ఉద్యమం నడిపి, ఆయనతో పాటే చనిపోయిన మరో ఉపాధ్యాయుడు. హరికథా పితామహుడు నారాయణదాసు గారికీ ఆయనకూ ఇంటిపేరు ఒకటే. కైలాసం పేరుతో కన్నడంలో టి.పి. కైలాసం అనే పెద్ద నాటకకర్త కూడా ఉన్నారు.

పేరు ఒక్కటీ చాలదు, ఇంటిపేరు ఒక్కటీ చాలదు. రెండూ రాయాలి.

కోట బురుజు:
ఒప్పుకుంటాను. కానీ రెండూ రాసినా చాలని కుటుంబం మా కోటలోనే ఉంది. పూసపాటి వారు.

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. ఆ యుద్ధం తరువాత తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయినవారు పూసపాటి విజయరామరాజు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనలతో పోరాడి చనిపోయినవారు కూడా పూసపాటి విజయరామరాజు. పెద విజయరామరాజు, చిన విజయరామరాజు అని చరిత్రకారులు విడదీశారు. మా ఊరివాళ్ళు కూడా కొందరు ఈ రెండు మరణాలను ఒకే కథగా చెప్పేస్తుంటారు. వింటే బాధగా ఉంటుంది. ఒకటి పొరుగు సంస్థానంతో వైరం, ఫ్రెంచి సేనాని బుస్సీ తోడుగా వచ్చిన యుద్ధం. ఇంకొకటి ఇంగ్లీషువాళ్ళు బాకీలు, పేష్కషు (కప్పం) పేరుతో సంస్థానాన్ని మింగబోతే ఎదురు నిలిచిన పోరాటం. నడుమ ముప్పై ఏడేళ్ళు. పేరు ఒకటే కావడంతో పద్మనాభం వీరుడి గొప్పతనం బొబ్బిలి కథ నీడలో పడిపోయింది. నా మట్టుకు నేను పట్టికలో ఆయనకే పెద్ద గడి ఇస్తాను.

పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ విజయరామ గజపతి. 1857లో బడి పెట్టారు, అది 1879లో మహారాజా కళాశాల అయింది. గిడుగు, గురజాడ ఇద్దరూ ఆ బడిలో చదువుకున్నవారే. ఇరవయ్యో శతాబ్దంలో పి.వి.జి. రాజు, అంటే పూసపాటి విజయరామ గజపతి రాజు. సోషలిస్టు నాయకుడు, మంత్రి. 1958లో మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి ఆస్తులు చదువుకు ఇచ్చారు.

ఆనంద పేరు కూడా ఇంతే. 'కన్యాశుల్కం' అంకితం పుచ్చుకున్న ఆనంద గజపతి ఒకరు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టు కెప్టెను విజయానంద గజపతి ఇంకొకరు. లోకం ఆయనను విజ్జీ అంటుంది. పి.వి.జి. రాజు గారి అబ్బాయి ఆనంద గజపతి రాజు పార్లమెంటు సభ్యుడిగా పనిచేశారు. యుద్ధం, సాహిత్య పోషణ, చదువు, క్రికెట్, రాజకీయం అన్నీ ఒకే ఇంటి రెండు పేర్లలో తిరుగుతాయి.

పార్వతీపురం పాసింజరు:
పెద, చిన అంటే గుర్తొచ్చింది. వెంపటి వారిలోనూ పెదసత్యం ఉన్నారు. ఆయన కూడా నాట్యాచార్యుడే, సినిమాలకు నృత్యాలు సమకూర్చారు. పూసపాటి వారి పద్ధతే.

బొబ్బిలి వీణ:
ఇప్పటిదాకా ఇన్ని పేర్లు వచ్చాయి, ఒక్క స్త్రీ పేరు లేదు. మాస్టారూ, మీ తరగతిలో ఆడపిల్లలు ఉన్నారా లేరా?

మొదట మన విజయనగరం సుశీల గారు. పులపాక సుశీల, 1935లో పుట్టారు. తెలుగు ఇంట్లో తెల్లారితే వినిపించే గొంతు. అదే పేరుతో డాక్టర్ సుశీలా నయ్యర్ ఉన్నారు. గాంధీజీకి వైద్యురాలు, తరువాత కేంద్ర ఆరోగ్య మంత్రి. అదే పేరుతో పుఖ్రంబం సుశీలా చాను ఉన్నారు. మణిపూర్ అమ్మాయి, 2016 రియో ఒలింపిక్స్‌లో మన మహిళల హాకీ జట్టుకు కెప్టెను. పాట, వైద్యం, ఆట. ఇంతకన్నా చక్కని వరస మగవారి పేర్లలో కూడా రాలేదు.

రెండోది జానకి. ఇక్కడ మన జిల్లావారు ఎవరూ లేరు, అయినా రాస్తాను. మాస్టారి నియమాన్ని ఈ ఒక్క పేరుకు పక్కన పెట్టాలి. ఎస్. జానకి గాయని. షావుకారు జానకి నటి. 1950లో వచ్చిన 'షావుకారు' సినిమా పేరే ఆమెకు ఇంటిపేరులా నిలిచిపోయింది. వి.ఎన్. జానకి తమిళ నటి, 1988 జనవరిలో కొద్దిరోజులు తమిళనాడు ముఖ్యమంత్రి. నాలుగోవారు జానకి అమ్మాళ్. 1897లో తలశ్శేరిలో పుట్టిన వృక్షశాస్త్రవేత్త. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల అమెరికా వెళ్ళి డాక్టరేటు చేయడమే గొప్ప. తిరిగొచ్చి కోయంబత్తూరులో చెరకు మీద పరిశోధన చేశారు. మన చక్కెర ఫ్యాక్టరీలకు చెరకు తోలే రైతుల పిల్లలకు ఆ పేరు తెలియాలి. పాడిన జానకి, నటించిన జానకి అందరికీ తెలుసు. చెరకు జానకి గారిని ఎవరూ తలుచుకోరు. ఒకే పేరు అనే సాకుతోనైనా ఆవిడను గోడ మీదికి తీసుకురండి.

ఇద్దరు వరలక్ష్ములు కూడా ఉన్నారు. ఎస్. వరలక్ష్మి, జి. వరలక్ష్మి. ఇద్దరూ నటులే కాబట్టి పట్టికకు పనికిరారు. పొడి అక్షరం ఒక్కటే అడ్డుగోడగా ఇద్దరు ఒకే రంగంలో అంతకాలం ఎలా నిలిచారో చెప్పడానికే గుర్తు చేశాను.

వంశధార:
అక్కా, జానకి అమ్మాళ్ సంగతి నేను ఇప్పుడే వింటున్నాను. మా నాన్నగారు చెరకు రైతే. ఈ ఒక్కదానికి నియమం సడలించాల్సిందే మాస్టారూ.

మన వైపు ఉద్యోగం చేసినవారు కూడా లెక్కలోకి వస్తారు కాబట్టి సుబ్బారావులను తెస్తున్నాను. దువ్వూరి సుబ్బారావు గారు 2008 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఐఏఎస్ ఉద్యోగంలో తొలి రోజుల్లో ఆయన పార్వతీపురం సబ్ కలెక్టరు. ఇక మిగిలిన సుబ్బారావులను చూడండి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి వాటి మీద పనిచేసి, 1948లో అక్కడే పోయారు. మెథోట్రెక్సేట్ మందును ఇప్పటికీ క్యాన్సర్ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. అదే 1895లో పుట్టిన నండూరి సుబ్బారావు ఎంకి పాటలు రాశారు. కోకా సుబ్బారావు 1966, 67లలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆదుర్తి సుబ్బారావు సినిమా దర్శకుడు. బ్యాంకు, మందు, పాట, న్యాయం, సినిమా.

బొబ్బిలి వీణ:
సంగీతం వైపు నుంచి మరొకటి. సాలూరి రాజేశ్వరరావు గారు మన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తెలుగు లలిత సంగీతానికి ఆయన వేసిన బాట మీదే ఇంకా నడుస్తున్నాం. అదే పేరుతో చండ్ర రాజేశ్వరరావు గారు 1964 నుంచి 1990 దాకా కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. ఇంటిపేరు చెప్పకుండా రాజేశ్వరరావు గారి శతజయంతి అంటే సభకు సగంమంది ఎర్రజెండాతో, సగంమంది హార్మోనియంతో వస్తారు.

పార్వతీపురం పాసింజరు:
ఒక సందేహం, ముందే అడగాల్సింది. వెంపటాపు సత్యం పేరు బడి గోడ మీద పెడితే ఎవరైనా అభ్యంతరం చెబుతారేమో. మాస్టారికి ఇబ్బంది కలగకూడదు.

కళింగ గ్రంథాలు:
జరిగిన చరిత్రను జరిగినట్టు రాస్తే ఇబ్బంది ఎందుకు? పొగడొద్దు, తిట్టొద్దు. ఉపాధ్యాయుడు, గిరిజనోద్యమ నాయకుడు, మరణం 1970 అని రాయండి. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోవడంతో ఉద్యమం ఎలా ముదిరిందో పెద్ద తరగతి పిల్లలు అడిగితే చెప్పండి. మన జిల్లా పేరు దేశమంతా వినిపించిన సంఘటనను మన పిల్లల దగ్గరే దాస్తే, వాళ్ళు దాన్ని రేపు ఎక్కడో వక్రంగా వింటారు.

పుట్టిన ఊరి పక్కన జిల్లా రాసేటప్పుడు కూడా జాగ్రత్త. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. వీరఘట్టం మొన్నటిదాకా మన శ్రీకాకుళంలో ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. కాబట్టి ఊరి పేరు, పుట్టిన సంవత్సరం రాయండి. జిల్లా గీతలు మారినా ఆ రెండూ మారవు.

కోట బురుజు:
ఊళ్ళకు కూడా జంట పేర్లున్నాయి. కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం వేరు, మన శ్రీకాకుళం వేరు. శ్రీకృష్ణదేవరాయలు దర్శించుకున్నది ఆ శ్రీకాకుళాన్ని. అలాగే ఆయన ఏలిన విజయనగరం తుంగభద్ర ఒడ్డుది, మాది కాదు. క్విజ్‌లలో పిల్లలు ఇక్కడ తరచుగా పడిపోతారు. పట్టిక కింద ఒక వరస ఊళ్ళకు కేటాయించండి.

నాగావళి మాస్టారు:
అందరికీ నమస్కారాలు. రామమూర్తి, సోమయాజులు, సత్యం, రామారావు, విజయరామరాజు, సుశీల, సుబ్బారావు, రాజేశ్వరరావు వరసలు ఖాయం. జానకి కూడా ఖాయం, నియమం ఆమె కోసం సడలిస్తున్నాను. ఊళ్ళ వరస కిందన ఉంటుంది. లైబ్రేరియన్ అమ్మగారు చెప్పినట్టు ప్రతి గడిలో ఇంటిపేరు, పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం పూర్తిగా రాయిస్తాను. చాసో, కారా లాంటి పొడి పేర్లు పక్కన కుండలీకరణాల్లో ఉంటాయి. వెంపటాపు సత్యం గారి గడి కూడా తీసేయను.

అట్ట ముక్కలు పిల్లలే కోస్తున్నారు, ఫొటోలు దాదాపు దొరికాయి. చిన విజయరామరాజు చిత్రం, జానకి అమ్మాళ్ గారి స్పష్టమైన ఫొటో మాత్రం దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే పెట్టండి. అప్పలస్వామి పేరు మీద ఇంకా ఎవరూ రాయలేదు. బహుభాషా పండితుడు రోణంకి అప్పలస్వామి గారితో మొదలుపెట్టి రెండో అప్పలస్వామిని ఎవరు తెస్తారో చూస్తాను.